బతుకుతెరువు: లైసెన్సు వచ్చింది, మరి జీతమో?



మన ఊళ్ళలో పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు "అబ్బాయి ఎల్.ఐ.సి.లో ఉద్యోగం చేస్తున్నాడు" అంటే ఒక అర్థం, "అబ్బాయి ఎల్.ఐ.సి. ఏజెంటు" అంటే ఇంకో అర్థం. మొదటి మాట వినగానే పెద్దవాళ్ళు తలూపి కాఫీలు తెమ్మంటారు. రెండో మాట వింటే "దాంతోపాటు ఇంకేం చేస్తాడు?" అని అడుగుతారు. ఏజెంటు పని తక్కువదని కాదు వారి ఉద్దేశం. ఒకరికి నెల తిరిగేసరికి జీతం వస్తుందనీ, మరొకరికి పాలసీ అమ్మితేనే డబ్బు వస్తుందనీ బడి మొహం చూడని అమ్మమ్మకి కూడా తెలుసు. సముద్రాలు దాటి కెనడా వచ్చిన మనకి మాత్రం ఆ తేడా ఒక్కోసారి కనబడకుండా పోతోంది. ఇక్కడ ఇద్దరి విజిటింగ్ కార్డుల మీదా పెద్ద పెద్ద హోదాలే ఉంటాయి, ఇద్దరి చేతుల్లోనూ ప్రభుత్వ లైసెన్సే ఉంటుంది మరి!

ఈసారి ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం ఉంది. నేను మిస్సిసాగాలో ఒక ఇన్సూరెన్సు బ్రోకరు ఆఫీసులో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. కొత్తగా చేరేవారి దరఖాస్తులు చూడడం నా పనుల్లో ఒకటి. "అక్కా, నాకు లైసెన్సు ఉంది, ఎక్కడైనా జీతానికి పెట్టించండి" అని ఫోన్ చేసే తెలుగువాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. వారిలో బి.కాం.లు, ఎం.బి.ఏ.లు, ఇండియాలో బీమా కంపెనీల్లో పదేళ్ళు చేసి వచ్చినవారు కూడా ఉన్నారు. అందరిదీ ఒకటే ప్రశ్న: పరీక్ష పాసయ్యాం కదా, ఉద్యోగం ఏదీ?

నిజానికి బీమా వ్యాపారం మనకి కొత్తదేం కాదు. డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టి, రెండేళ్ళు తిరక్కుండానే 1925లో ఆంధ్ర ఇన్సూరెన్స్ కంపెనీని స్థాపించారు. కెనడాకి చెందిన సన్ లైఫ్ కంపెనీ 1956లో జీవిత బీమా జాతీయం అయ్యేదాకా ఇండియాలో పాలసీలు అమ్మింది. మన తాతల కాలం నాటి ట్రంకుపెట్టెల్లో వెతికితే మాంట్రియల్ పేరున్న కాగితం దొరికినా ఆశ్చర్యపోనక్కరలేదు. కెనడాలో మొదటి జీవిత బీమా కంపెనీ కెనడా లైఫ్ 1847లో హామిల్టన్‌లో మొదలైంది. 1887లో మాన్యులైఫ్ పుట్టినప్పుడు దాని మొదటి అధ్యక్షుడు అప్పటి ప్రధానమంత్రి సర్ జాన్ మెక్‌డొనాల్డ్. ఇక్కడైనా అక్కడైనా జీవిత బీమా పెరిగింది మాత్రం గడప గడపకీ తిరిగిన ఏజెంట్ల కాళ్ళ మీదనే.

ఎందుకలా? పొద్దున్న లేచి "నేను పోతే నా వాళ్ళ గతేమిటి?" అని తనంతట తాను ఫోన్ చేసి జీవిత బీమా అడిగేవాడు చాలా అరుదు. ఎవరో ఒకరు వెళ్ళి, కూర్చుని, ఆ చేదు మాట ఎత్తి, ఒప్పించాలి. కంపెనీ డబ్బిచ్చేది ఆ ఒప్పించడానికే. అందుకే ఆ పనిలో ఎక్కువ భాగం కమిషనే.

కారు బీమా సంగతి వేరు. కెనడాలో ఏ రాష్ట్రంలోనైనా బీమా లేకుండా కారు రోడ్డెక్కించడం చట్టవిరుద్ధం. ఇంటికి అప్పిచ్చే బ్యాంకు ఇంటి బీమా కాగితం చూపమంటుంది. అంటే ఇక్కడ కస్టమరే ఫోన్ చేస్తాడు. ఏడాదికోసారి రెన్యువల్‌కి మళ్ళీ చేస్తాడు. కారు మార్చినా, ఇల్లు మారినా, కొడుక్కి లైసెన్సు వచ్చినా చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తడానికి, కాగితాలు సరిచూడడానికి, నష్టం జరిగితే పరిష్కరించడానికి మనిషి రోజూ సీట్లో కూర్చుని ఉండాలి. రోజూ కూర్చునే మనిషికి జీతం ఇవ్వక తప్పదు. నేను చెప్పదలుచుకున్నదంతా ఈ ఒక్క మాటలో ఉంది: జీతం కావాలనుకుంటే, కస్టమరు తనంతట తాను వచ్చే చోట వెతకండి.

ఇప్పుడు లైసెన్సుల సంగతి. ఇవి దేశమంతటికీ ఒకటి కావు, ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం విడివిడిగా ఇస్తుంది. జీవిత, ఆరోగ్య బీమాకి ఎల్.ఎల్.క్యు.పి. అనే చదువు ఉంది. జీవిత బీమా, ప్రమాద-అనారోగ్య బీమా, సెగ్రిగేటెడ్ ఫండ్లు-యాన్యుటీలు, వృత్తి ధర్మం అని నాలుగు భాగాలు. ఒక్కొక్క దానిలో 60 శాతం రావాలి. ఒంటారియోలో ఈ లైసెన్సు ఇచ్చేది ఎఫ్.ఎస్.ఆర్.ఏ. అనే నియంత్రణ సంస్థ, 2019 నుంచి. లైసెన్సు రెండేళ్ళకి ఇస్తారు. ఆ రెండేళ్ళలో 30 గంటల తదుపరి చదువు చదవాలి. వృత్తిలో పొరపాటు జరిగితే ఆదుకునే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ బీమా కూడా పెట్టుకోవాలి.

కారు, ఇల్లు, వ్యాపారాల బీమా అమ్మే బ్రోకరు ఆఫీసుల్లో పని చేయడానికి ఒంటారియోలో కావలసింది రిబో లైసెన్సు. అది పూర్తిగా వేరే పరీక్ష. మొదటి స్థాయికి 75 శాతం రావాలి. ఆ లైసెన్సుతో ఒకరి పర్యవేక్షణలోనే పని చేయాలి. చాలామంది దీన్ని చిన్నతనంగా అనుకుంటారు గానీ, నా దృష్టిలో కొత్తవారికి ఇదే పెద్ద లాభం. పర్యవేక్షణ అంటే పక్కన నేర్పేవాడు ఉన్నాడని అర్థం. బ్రిటిష్ కొలంబియాలో ఇన్సూరెన్స్ కౌన్సిల్, ఆల్బర్టాలో ఆల్బర్టా ఇన్సూరెన్స్ కౌన్సిల్, క్విబెక్‌లో ఏ.ఎమ్.ఎఫ్. ఈ పనులు చూస్తాయి. క్విబెక్‌లో ఫ్రెంచి లేకుండా ఈ వృత్తిలో నెగ్గడం కష్టమని వేరే చెప్పనక్కరలేదు.

మన వాళ్ళు నూటికి తొంభైమంది ముందు ఎల్.ఎల్.క్యు.పి. వైపే వెళతారని నా అనుభవం. ఎందుకంటే, దానికి పిలిచేవాళ్ళు ఎక్కువ! మాల్‌లోనో గుడిలోనో పలకరిస్తారు. "ఇంత చదువుకుని గోదాములో పనేమిటండీ, మీ టైము మీది, మీ వ్యాపారం మీది" అంటారు. అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. కోర్సు ఫీజు మనదే, పరీక్ష ఫీజు మనదే, లైసెన్సు ఫీజు మనదే. అన్నీ అయ్యాక ఒక తెల్లకాగితం ఇచ్చి "మీకు తెలిసినవాళ్ళ పేర్లు వంద రాయండి" అంటారు.

బ్రాంప్టన్‌లో ఉండే ఒక చెల్లెలు సంగతి చెబుతాను. ఇండియాలో ఒక జనరల్ ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిముల విభాగంలో ఎనిమిదేళ్ళు చేసి వచ్చింది. భర్త కాంట్రాక్టు అర్ధాంతరంగా ఆగిపోయింది. ఇద్దరు పిల్లలు, బేస్‌మెంటు అద్దె. ఆ సమయంలో ఎవరో చెబితే జీవిత బీమా లైసెన్సు తీసుకుంది. వంద పేర్లూ రాసింది. ఆ వందలో మొదటి పదిహేను మంది మన సంఘంలోని కుటుంబాలే. నలుగురు మొహమాటానికి పాలసీలు తీసుకున్నారు, ఆరు నెలలు తిరక్కుండా వారిలో ఇద్దరు మానేశారు. అంతకుముందు ఇచ్చిన కమిషన్‌లో కొంత తిరిగి కట్టమని ఆమెకి ఉత్తరం వచ్చింది. నాతో ఆమె అన్నమాట ఇది: "అక్కా, డబ్బు పోతే పోయింది. ఉగాదికి వెళితే నన్ను చూసి జనం పక్కకి తప్పుకుంటున్నారు. అది తట్టుకోలేకపోతున్నాను."

ఇలాంటి సందర్భాలు ఒంటారియో నియంత్రణ సంస్థ దృష్టికీ వచ్చాయి. ఒకరి కింద ఒకరిని చేర్చుకుంటూ పోయే నియామక పద్ధతి ఉన్న కొన్ని ఏజెన్సీలని పరిశీలించి, ఆ సంస్థ 2022లో ఒక నివేదిక ఇచ్చింది. ఏజెంట్లకి చాలినంత శిక్షణ లేకపోవడం, కస్టమరు అవసరానికి సరిపోని పాలసీలు అంటగట్టడం వంటివి అందులో బయటపడ్డాయి. ఒంటారియోలో 2022 మార్చి నుంచి "ఫైనాన్షియల్ అడ్వైజర్", "ఫైనాన్షియల్ ప్లానర్" అనే హోదాలు కూడా గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారే వాడుకోవాలి. కార్డు మీద పేరు చూసి మురిసిపోయే కాలం పోయిందన్నమాట.

పిల్లలూ, మీరు కూడా ఈ పేజీ చదువుతారని నాకు తెలుసు. మీకో చిన్న లెక్క. ఒక అంకుల్ నెలకి 100 డాలర్ల పాలసీ అమ్మాడనుకోండి. ఏడాదికి 1,200. కంపెనీ అందులో సగం, అంటే 600 డాలర్లు, ముందుగానే ఆయనకి కమిషన్ ఇచ్చిందనుకుందాం. కొన్నవాళ్ళు ఐదు నెలలు కట్టి మానేశారు. నెలకి 50 చొప్పున ఆయన నిజంగా సంపాదించింది 250 మాత్రమే. మిగతా 350 తిరిగి ఇచ్చేయాలి. కానీ ఆ 600 పెట్టి ఆయన అప్పటికే ఇంటద్దెలో కొంత కట్టేశాడు! దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. అంకెలు కంపెనీని బట్టి మారతాయి గానీ, లెక్క తీరు ఇదే. మీ నాన్నగారు ఏదైనా ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఈ మాట ఆయనకి గుర్తు చేయండి.

జీతానికీ కమిషన్‌కీ తేడా నెలాఖరు డబ్బుతోనే అయిపోదు. జీతగాడికి కంపెనీ టీ-4 కాగితం ఇస్తుంది. కెనడా పెన్షన్ ప్లాన్‌లో సగం యజమాని కడతాడు, ఉద్యోగం పోతే ఎంప్లాయ్‌మెంట్ ఇన్సూరెన్సు ఆదుకుంటుంది. స్వతంత్ర ఏజెంటుకి వచ్చేది టీ-4ఏ. పెన్షన్ వాటా రెండు సగాలూ తనే కట్టుకోవాలి. పని లేనినాడు మామూలు నిరుద్యోగ భృతి లేదు. ఇల్లు కొనడానికి వెళితే బ్యాంకువాళ్ళు జీతగాడిని పే స్లిప్పులు అడుగుతారు, సొంత వ్యాపారం అన్నవాడిని మామూలుగా రెండేళ్ళ పన్ను కాగితాలు అడుగుతారు.

చదువు ముగించి వర్క్ పర్మిట్ మీద ఉన్న మన పిల్లలు ఇంకో విషయం తప్పకుండా తెలుసుకోవాలి. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్ కింద శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసేటప్పుడు స్వయం ఉపాధి అనుభవం లెక్కలోకి రాదు. అంటే రెండేళ్ళు కమిషన్ ఏజెంటుగా చెమటోడ్చినా ఆ కాలం సున్నా కిందే లెక్క. అదే జీతం మీద బ్రోకరుగా, క్లెయిములు చూసే అడ్జస్టరుగా, అండర్‌రైటరుగా పని చేస్తే ఆ అనుభవం నైపుణ్యమున్న పని కింద లెక్కకి వస్తుంది. కాలం కరిగిపోతే వర్క్ పర్మిట్ మళ్ళీ రాదు. కాబట్టి ఈ ఒక్క పేరా అయినా మీ పరిచయంలో ఉన్న విద్యార్థులకి చదివి వినిపించండి.

సరే, మరి జీతమున్న ఉద్యోగాలు ఎక్కడ? మొదటి చోటు బ్రోకరు ఆఫీసులు. కస్టమరు సర్వీసు ప్రతినిధిగా చేరి, ఫోన్లు ఎత్తి, మార్పులు చేర్పులు రాసి, రెండేళ్ళలో అకౌంటు మేనేజరు అయినవారిని నేనే ఎంతోమందిని చూశాను. బ్రాంప్టన్, మిస్సిసాగా, స్కార్‌బరోలలో తెలుగు, హిందీ, ఉర్దూ వచ్చినవారికి ఒక మెట్టు మొగ్గు ఉంటుంది. రెండో చోటు పెద్ద కంపెనీల కాల్ సెంటర్లు, బ్యాంకుల ఇన్సూరెన్సు విభాగాలు. వీటిలో చాలాచోట్ల మూల జీతం, పైన బోనసు. మూడోది క్లెయిములు. ఒంటారియోలో కంపెనీలో జీతం మీద పనిచేసే అడ్జస్టరుకి విడిగా లైసెన్సు అక్కరలేదు, స్వతంత్ర అడ్జస్టరుకి కావాలి. 2016లో ఫోర్ట్ మెక్‌మరే కార్చిచ్చు, 2024లో జాస్పర్ మంటలు, అదే ఏడాది కాల్గరీ వడగళ్ళు చూశాం కదా. 2024 ఒక్క ఏడాదిలో కెనడాలో ప్రకృతి వైపరీత్యాలకి బీమా కంపెనీలు భరించిన నష్టం 800 కోట్ల డాలర్లు దాటింది. అన్ని ఇళ్ళు, కార్ల లెక్కలు తేల్చడానికి మనుషులు కావాలి.

టొరంటో వదిలి కదలగలిగినవారికి ఇంకా దారులున్నాయి. మానిటోబాలో 1971 నుంచి, బ్రిటిష్ కొలంబియాలో 1973 నుంచి మూల కారు బీమా ప్రభుత్వ సంస్థదే. సస్కాచివాన్‌లో అంతకన్నా పాతది, 1945లో పుట్టిన ఎస్.జి.ఐ. ప్రధాన కార్యాలయం రెజైనాలో ఉంది. వాటర్లూ, లండన్, గ్వెల్ఫ్, విన్నిపెగ్ ఊళ్ళలో పెద్ద బీమా కంపెనీల ఆఫీసులున్నాయి. ఎల్.ఎల్.క్యు.పి. లైసెన్సు చేతిలో ఉన్నవారు కూడా నిరాశపడనక్కరలేదు. గ్రూప్ బెనిఫిట్స్ విభాగాలు, పేరున్న సలహాదారుల ఆఫీసుల్లో లైసెన్సున్న సహాయకుల పనులు, బ్యాంకుల ఫోన్ విభాగాలు జీతం మీదే తీసుకుంటాయి. వెతికేటప్పుడు "సేల్స్" అనే మాటతో ఆగిపోకుండా "సర్వీస్", "క్లెయిమ్స్", "అండర్‌రైటింగ్", "బెనిఫిట్స్" అనే మాటలతో కూడా వెతకండి. కేంద్ర ప్రభుత్వం వారి జాబ్ బ్యాంక్‌లో ఏ ప్రాంతంలో ఏ పనికి ఎంత ఇస్తున్నారో కూడా చూడవచ్చు.

ఇండియాలో బీమా రంగంలో చేసినవారు ఆ అనుభవాన్ని దరఖాస్తులో దాచకండి. "క్లెయిములు చూశాను" అని ఊరుకోకుండా ఎలాంటి క్లెయిములు, నెలకి ఎన్ని, ఎంత మొత్తం వరకు సొంతంగా మంజూరు చేసే అధికారం ఉండేదో రాయండి. ముంబయి ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ వారి అసోసియేట్, ఫెలో సర్టిఫికెట్లు ఉంటే, ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెనడాకి పంపి ఏ పేపర్లకి మినహాయింపు ఇస్తారో అడగండి. అక్కడి సి.ఐ.పి. పట్టా ఈ దేశంలో ఈ రంగానికి మూల పట్టా లాంటిది. ఒకటి రెండు పేపర్లు పాసై దరఖాస్తు పెట్టినా, ఈ మనిషి నిలబడతాడన్న నమ్మకం మాకు కలుగుతుంది.

ఇక ఇంటర్వ్యూకి వెళితే మొహమాటం ఇంట్లో వదిలి వెళ్ళండి. మనవాళ్ళు జీతం అడగడమంటే ఏదో అమర్యాద అనుకుంటారు. ఈ ప్రశ్నలు తప్పకుండా అడగండి. ఇది జీతమా, లేక ముందుగా ఇచ్చి తరవాత కమిషన్‌లో కోసుకునే "డ్రా"నా? ఏడాది చివర టీ-4 ఇస్తారా, టీ-4ఏ ఇస్తారా? లైసెన్సు ఫీజు, ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ బీమా ఎవరు కడతారు? కస్టమర్లని ఎవరు తెస్తారు? మొదటి నెలలో ఎవరూ కొనకపోతే నాకెంత వస్తుంది? ఆఖరి ప్రశ్న అడిగాక ఎదుటివాళ్ళు నవ్వి మాట మారిస్తే, మీకు జవాబు దొరికినట్టే.

చట్టం కూడా కొంచెం మనవైపు తిరిగింది. 2026 జనవరి 1 నుంచి ఒంటారియోలో 25 మంది లేక అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలు బహిరంగ ఉద్యోగ ప్రకటనల్లో జీతం ఎంత నుంచి ఎంతవరకో చెప్పాలి. "కెనడా అనుభవం కావాలి" అనే షరతు పెట్టకూడదు. ఎన్నో ఏళ్ళు మనల్ని గుమ్మం దగ్గరే ఆపిన మాట అది. ఇప్పుడు ఆ మాట ప్రకటనలో కనబడితే, అడిగే హక్కు మనకి ఉంది.

ఇంత చెప్పానని కమిషన్ మీద బతికే ఏజెంట్లని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. మన సంఘంలోనే ఇరవై ఏళ్ళుగా ఆ పని నిజాయితీగా చేస్తున్నవారున్నారు. నలభై రెండేళ్ళకే గుండెపోటుతో పోయిన ఒక మిత్రుడి ఇంటికి, పదో రోజు కర్మ కాకముందే క్లెయిము కాగితాలు పట్టుకుని వెళ్ళి, ఆ ఇల్లు అమ్ముకోకుండా నిలబెట్టిన ఏజెంటు నాకు తెలుసు. ఆయన కూడా మొదటి ఆరేళ్ళు ఒక కంపెనీలో జీతానికి చేసి, పని నేర్చి, ఆరు నెలల ఖర్చు బ్యాంకులో వేసుకున్నాకే బయటికి వచ్చారు. ఈత వచ్చాక ఏట్లోకి దిగడం వేరు, ఏట్లో పడ్డాక ఈత నేర్చుకోవడం వేరు.

సంఘం సభ్యులకి కూడా ఒక విన్నపం. ఎవరైనా కొత్త ఏజెంటు మీ దగ్గరకి వస్తే మొహమాటానికి పాలసీ తీసుకుని ఆరు నెలల్లో మానేయకండి. దానివల్ల మీకూ నష్టం, వారికి అంతకన్నా నష్టం. అవసరం ఉంటే తీసుకోండి, లేకపోతే లేదని చెప్పండి. చెప్పి, ఒక కప్పు కాఫీ ఇచ్చి, మీ ఆఫీసులో జీతం పని ఏదైనా ఉంటే ఆ మాట చెవిన వేయండి. పాలసీ కన్నా అది పెద్ద సాయం.

బ్రాంప్టన్ చెల్లెలు రిబో పరీక్ష రాసి, మా ఆఫీసులో కాదుగానీ, ఇంకో బ్రోకరు దగ్గర చేరింది. క్లెయిము వచ్చిన కస్టమర్లతో మాట్లాడడం ఆమె పని, అంటే ఇండియాలో ఎనిమిదేళ్ళు చేసిన పనే. మొదటి పే స్లిప్పు వచ్చిన రోజు దాని ఫొటో నాకు పంపింది. కింద రాసిన మాట ఒక్కటే: "ఈ నెల ఎవరికీ ఏమీ అమ్మలేదక్కా."

వచ్చే సంచికలో మళ్ళీ కలుద్దాం. అంతవరకు సెలవు.